నీతి డబ్బాకు తాళం వేసిన సంగతి

ఆఫీసు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడల్లా, "మీ సర్వీసులో నేర్చుకున్నది ఒకటి చెప్పండి మేడమ్" అంటారు. మర్యాదకే అంటారని నాకు తెలుసు. నేను చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ల చూపు చేతిలో ఫోను మీదికి జారిపోతుంది. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను. ఇది నేను సాధించిన ఘనకార్యం కాదు, చేసిన తప్పు.

సికింద్రాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయపు తత్వశాస్త్ర శాఖలో టైపిస్టుగా చేరి, అక్కడే సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. పాలు పోస్తుంటే పాలను కాదు, కొలపాత్ర అడుగు సొట్టపోయిందేమోనని చూసేదాన్ని. పద్మారావు నగర్ నుంచి బస్సెక్కితే, పక్కన కూర్చున్నావిడ టైమెంతయిందని అడిగినా, ఈవిడకి నా వాచీతో ఏం పనో అనుకునేదాన్ని. ఇంట్లో దీన్ని రోగమన్నారు. ఆఫీసులో జాగ్రత్త అని పేరు పెట్టి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఊరుకుంటానా, ఇంకా పెంచాను.

నాకు ఇంకో విద్య ఉండేది. రాత చూస్తే రాసిన మనిషెవరో చెప్పేసేదాన్ని. దానికి కారణం మా హెడ్డు, అంటే మా శాఖాధిపతి ఆచార్యులవారు. ఆయన చేతిరాత చదవరు. కళ్లు మంటలంటారు. విద్యార్థుల పరిశోధనైనా, ఎవరి సెలవు చీటీ అయినా నేను టైపు కొట్టాకే ఆయన బల్ల మీదికి వెళ్లాలి. అలా ఆ భవనంలో ఉన్న అందరి అక్షరాలూ నా కళ్ల ముందు నుంచే వెళ్లేవి.

అవి ఉమ్మడి రాష్ట్రం రోజులు. కంప్యూటర్లింకా మా మెట్లెక్కలేదు. ఆచార్యులవారు నెలనెలా రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి బహిరంగ చర్చలు మొదలుపెట్టారు. అనువర్తిత నీతిశాస్త్రం అని నోటీసు సైక్లోస్టైల్ చేసి, గోడకు అంటించమని మా అటెండరుకిచ్చాను. యాభై దాటిన మనిషి. ఏడో తరగతి దాకా చదివాడు. కూడబలుక్కుని చదివి నా వైపు చూశాడు.

"అంటే ఏంది మేడమ్?"

"రోజూ చేసే పనుల్లో ఏది న్యాయమో ఏది కాదో పదిమందీ కూర్చుని మాట్లాడుకోవడం."

"గది మాట్లాడుకునేటందుకు మైకు సుత కావాల్నా?"

సభకు జనం బాగానే వచ్చేవారు. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఫ్లాస్కుతో వచ్చి ముందు వరుసలో కూర్చునేవాడు. ఆస్పత్రి నర్సులు, హాస్టలు పిల్లలు, లెక్చరర్లు, పెన్షనర్లు. చావు దగ్గరపడిందని రోగికి డాక్టరు చెప్పాలా దాచాలా? పరీక్ష హాల్లో కాపీ కొడుతున్నది సొంత మేనల్లుడైతే ఏం చెయ్యాలి? ఆచార్యులవారు మాట్లాడుతుంటే సభ నోరు తెరుచుకుని వినేది. గొంతు అలాంటిది. కానీ ప్రశ్నలడగమంటే ఒక్కరూ లేచేవారు కాదు.

అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. మా చర్చిలో ప్రార్థన విన్నపాలు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. పేరుండదు. పాస్టరుగారు చదివి ప్రార్థన చేస్తారు. చిన్నప్పుడు నేను ఆ చీటీలు తొంగి చూసి, ఇది ఫలానా వాళ్ల పెద్దకోడలి రాత అని గుసగుసలాడితే మా అమ్మ తొడమీద గిల్లింది. "ఆ చీటీ దేవుడికి రాసింది, నీకు కాదు" అంది. గిల్లుడు గుర్తుంది, మాట మర్చిపోయాను. ఆ పద్ధతి ఇక్కడ పెడదామంటే ఆచార్యులవారు సంతోషపడ్డారు. అటెండరు పెద్ద బిస్కెట్ల డబ్బా మూతకు కత్తితో చీలిక పెట్టాడు. ఉపన్యాసం అయ్యేసరికి చీటీలు పడేవి. టీ విరామం తర్వాత డబ్బా వేదిక మీదికి వచ్చేది. నేను ఒక్కొక్కటీ తీసి అందిస్తే, ఆ రెండు లైన్ల కోసం మాత్రం కళ్లమంట ఓర్చుకుని ఆయనే చదివి జవాబు చెప్పేవారు. డబ్బాలోంచి వచ్చిన చీటీ ఏదైనా సరే, పూర్తిగా చదవాలి. ఈ కట్టుబాటు ఆయనే పెట్టి, సభలో ప్రకటించారు.

మొదటి రెండు మూడు నెలలూ నాకు పండగ. చీటీ తీస్తూనే మనిషి తెలిసిపోయేది. ఒకసారి ఒక చీటీ వచ్చింది. ఆపరేషనులో పొరపాటు జరిగిందని తెలిసిన నర్సు, రోగి ఇంటివాళ్లకి చెప్పొచ్చా అని. చర్చి చీటీల్లో చూసిన రాతే, మా చర్చికి వచ్చే నర్సుది, నాకు రెండు బెంచీల ముందు కూర్చునే మనిషిది. సోమవారం భోజనాల దగ్గర నలుగురిలో ఆ సంగతి చెప్పాను. "ఎలా పోల్చారండీ!" అని అందరూ ఆశ్చర్యపోయారు. నాకు భలే గర్వంగా అనిపించింది. ఆ నర్సు మళ్లీ సభకు రాలేదు. చర్చిలో కనిపిస్తే మొహం తిప్పుకునేది. నాకు సూపరింటెండెంటు ప్రమోషన్ వచ్చిందని ఏడుస్తోందనుకున్నాను.

ఆ మరుసటి నెల డబ్బా మూత తీస్తే చీటీలన్నీ ఒకే రాతలో ఉన్నాయి. చీమలు బారులు తీరినట్టు వంకర అక్షరాలు. ఇంగ్లీషులో ఉన్నవి కూడా ఒక్కో అక్షరమూ బొమ్మ గీసినట్టు గీసి ఉన్నాయి. ఆ పై నెలా అంతే. ఆచార్యులవారు అక్షరాల తీరు పట్టించుకునే మనిషి కాదు, చదువుకుంటూ పోయారు. నాకు మాత్రం నిద్రపట్టలేదు. ఆ రాత ఎక్కడ చూశానా అని ఆలోచించి, టపా పుస్తకం తీశాను. మా అటెండరుదే.

ఇంకేం కావాలి నాకు! సభకు వచ్చినవాళ్ల ప్రశ్నలు పారేసి తన ప్రశ్నలు పెడుతున్నాడా? ఎవరైనా చేయిస్తున్నారా? ఏ లెక్చరరుకో ఆచార్యులవారి కుర్చీ మీద కన్నుందా? మూడు రోజులు తలకాయ వేడెక్కించుకున్నాను. తర్వాతి సభలో టీ విరామానికి నేను టీ తాగలేదు. చప్పుడు చెయ్యకుండా మెట్ల కిందికి వెళ్లాను. అక్కడ మా టీ స్టవ్వు ఉంటుంది. అటెండరు స్టూలు మీద చీటీలు పరుచుకుని, ముక్కు కాగితానికి ఆనేంత వంగి రాస్తున్నాడు. ఒకటి రాయడం అయ్యాక, అసలు చీటీని స్టవ్వు మంటలో పెట్టాడు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావిక్కడ?"

ఉలిక్కిపడ్డాడు గానీ చీటీలు దాచుకోలేదు. "ఉన్నదున్నట్టే రాస్తున్న మేడమ్. ఒక్క ముక్క సుత ఇడిసిపెట్టలే. జెర ఇనుండ్రి..."

"కాల్చడం నా కళ్లతో చూశాను. ఇంకేం వినాలి?"

నేను వినలేదు. తిన్నగా వెళ్లి ఆచార్యులవారికి చెప్పాను. ఆయన నవ్వి, "పోనీ, తాళం వేయించండి. మీ దగ్గరుంటే నాకు నిశ్చింత" అన్నారు. సోమవారమే జనరల్ బజారుకు వెళ్లి బుల్లి తాళం కొన్నాను. డబ్బాకు కొంకి వేయించాను. తాళంచెవి నా మెడలో గొలుసుకు కట్టుకున్నాను. అటెండరు అదంతా చూశాడు.

"తాళం మంచిదే మేడమ్. గని చెవి మీ దగ్గరున్నది సూడుండ్రి, గదే జెర పరేషాన్" అన్నాడు.

పొగరనుకున్నాను. మెమో ఇద్దామనుకుని, వయసు చూసి ఊరుకున్నాను.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఈ చర్చల మీద శాఖ చిన్న పుస్తకాలు అచ్చేసేది. వాటిలో ముందు వ్యాసం ఆచార్యులవారిది. ఆయన దగ్గర ముగ్గురు పరిశోధన చేస్తున్నారు. వాళ్ల అధ్యాయాలు టైపు కొట్టేది నేనే, ఆయన వ్యాసాలు కొట్టేదీ నేనే. కొడుతుంటే వేళ్లకు ముందే తెలిసిపోయేది, ఈ పేరా పోయిన నెల కొట్టాను కదా అని. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఊరందర్నీ అనుమానించే దాన్ని, అప్పుడేమనుకున్నానో తెలుసా? గురువుగారు పాఠంలో చెప్పిన మాటల్నే ఈ పిల్లలు తమవని రాసుకొచ్చి ఉంటారు, దొంగముఖాలు అనుకున్నాను. అనుమానం కూడా నీళ్లలాగా పల్లానికే పారుతుంది. అటెండరు దగ్గరికి పారింది, విద్యార్థుల దగ్గరికి పారింది. హెడ్డుగారి గది మెట్టు మాత్రం ఎక్కలేదు.

తాళం వేసిన తర్వాత మొదటి సభ. పనిచేసే చోట న్యాయం అన్నది ఆ నెల అంశం. వేదిక మీద ఠీవిగా తాళం తీశాను. డబ్బాలో రకరకాల రాతలు. పాత స్నేహితులు తిరిగొచ్చినంత సంతోషమేసింది. నాలుగో చీటీ అందిస్తుండగానే రాత గుర్తుపట్టాను. ఆచార్యులవారు చదవడం మొదలుపెట్టారు.

"ఒకరు రాసిన అధ్యాయాన్ని మరొకరు తన పేరుతో అచ్చువేసుకుంటే, రెండింటినీ టైపు చేసినవారు..."

అక్కడ ఆగిపోయారు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇది అంశానికి సంబంధించింది కాదు" అన్నారు. సభలో చిన్న కలకలం లేచి సద్దుమణిగింది. కట్టుబాటు తప్పడం అదే మొదటిసారి.

సభ అయ్యాక నన్ను గదికి పిలిచారు. అటెండరు టీ గ్లాసులు తీస్తున్నాడు. ఆచార్యులవారు చీటీ నా ముందు పెట్టారు. మిగతా సగం అప్పుడు చదివాను. 'రెండింటినీ టైపు చేసినవారు తెలిసీ ఊరుకుంటే, ఎవరి తప్పు ఎంత?' అని ఉంది.

"ముగ్గురిలో ఎవరమ్మా? మీరైతే రాత పోలుస్తారు" అన్నారు. గొంతు మెత్తగానే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నన్నా అనేది! నేనా ఊరుకున్నది! ఆ కోపంలో ఇంకేమీ ఆలోచించలేదు. "వరంగల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోందే, ఆ అమ్మాయిది. ఇందులో సందేహమే లేదు" అనేశాను.

గ్లాసులు తీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"గా చీటీ నేను రాసిన సార్" అన్నాడు అటెండరు.

"నువ్వా?"

"టైపు కాగితాలు మోసేది నేనే కద సార్. చీటీలన్ని నేనే రాస్తనని మేడమ్ మీకు చెప్పనే చెప్పింది. అడుగుండ్రి."

ఆచార్యులవారు నా వైపు చూశారు. అటెండరు కూడా చూశాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. మెట్ల కింద స్టూలు, స్టవ్వు మంట, ఉన్నదున్నట్టే రాస్తున్న మేడమ్ అన్న మాట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రాసినవాళ్లెవరో తెలియకుండా కాపాడుతున్నాడితను. అవును సార్, పొరపాటుపడ్డాను, ఇతని రాతే అని ఒక్క మాట అంటే ఆ అమ్మాయి గండం నుంచి బయటపడేది. అంటే ఇతను ఇరుక్కుంటాడు. కాదంటే ఆమె. నిలబడిపోయాను. ఇంతకాలం మాట్లాడిన నోరు, కావలసినప్పుడు పనిచెయ్యలేదు.

నా మౌనాన్ని ఆయన రెండు వైపులా వాడుకున్నారు. వారం తిరక్కుండా అటెండరును విశ్వవిద్యాలయపు పెద్ద క్యాంపస్‌లోని గోడౌనుకు బదిలీ చేశారు. ఆ అమ్మాయి రెండో అధ్యాయం, అంతకుముందు బాగుందని తనే మెచ్చుకున్నది, 'తిరిగి రాయవలెను' అన్న ముక్కతో నా బల్ల మీదికి వచ్చింది. ఆమె ఫెలోషిప్పు గడువు ఆ ఏడాదితో సరి. తిరిగి రాస్తూ కూర్చుంటే డిగ్రీ లేకుండా ఇంటికి పోవడమే.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజు హాస్టలుకు వెళ్లాను. ఆ అమ్మాయి కూర్చోమని కూడా అనలేదు.

"నా రాత అని నువ్వు... మీరు చెప్పకముందు నన్నొక్క మాట అడగాల్నా లేదా మేడమ్?"

"అడగాల్సింది. తప్పయింది. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చే సభలో ఈ సంగతి నేను చెప్పనా?"

"చెప్పుండ్రి. నా పేరొద్దు. మీ పేరు పెట్టుండ్రి" అంది.

రెండో శనివారం వచ్చింది. నాకింకా పదేళ్ల సర్వీసుంది. ఆయన కలం కదిపితే నేనూ గోడౌనుకే. టైపు రిజిస్టరు చంకలో పెట్టుకున్నాను. ఎవరి ప్రతి ఏ రోజు నా బల్లకు వచ్చిందో అందులో రాసుకునేదాన్ని. అదీ అనుమానపు పనే, ఆలస్యమైందని ఎవరూ నా మీద వేలెత్తకుండా. ఉపన్యాసం అయ్యాక, అందరూ చూస్తుండగా డబ్బాలో ఒక చీటీ వేశాను. తాళం తీసి, ఆ చీటీయే ముందు అందించాను.

ఆయన చూసి, పక్కన పెట్టి, రెండోదాని కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

ముందు వరుసలో గార్డుగారు ఫ్లాస్కు మూత బిగించారు. "ఏవండీ ప్రొఫెసర్‌గారూ, డబ్బాలోంచి వచ్చింది పూర్తిగా చదవాలన్నది మీరు పెట్టుకున్న కట్టుబాటే కదండీ. పోయినసారి సగం మింగేశారు. ఈసారైనా చదవండి" అన్నారు. వెనక నుంచి ఇంకెవరో "చదవాలి సార్" అన్నారు.

ఆయన చదివారు. ఎంత బాగా చదివారంటే, కామా దగ్గర కూడా ఆగారు. 'పరిశోధకుల అధ్యాయాలు నా దగ్గరికి ముందు వచ్చాయి. సారు వ్యాసాలు తర్వాత వచ్చాయి. తేదీలు టైపు రిజిస్టరులో ఉన్నాయి. రెండూ టైపు చేసింది నేనే. తెలిసీ ఊరుకున్నది నేనే. పోయిన నెల చీటీ ఎవరు రాశారో చెప్పడానికి నాకు హక్కు లేకపోయినా చెప్పింది కూడా నేనే.' కింద నా పేరు, హోదా ఉన్నాయి. ఆ డబ్బాలో పేరుతో పడ్డ చీటీ అదొక్కటే.

"ఇది మా ఆఫీసు అంతర్గత విషయం..." అని మొదలుపెట్టారు. గొంతు మొదటిసారి ఆయన మాట వినలేదు. మంచినీళ్లు తాగారు. గార్డుగారు లేచి వచ్చి, నా చంకలోంచి రిజిస్టరు తీసుకుని, నిలబడే పేజీలు తిప్పసాగారు.

ఆ తర్వాత న్యాయం గంట కొట్టినట్టు జరిగిపోయిందనుకోకండి. సభలో ఉన్న మరో ఆచార్యుడు ఆ అమ్మాయిని తన దగ్గరికి మార్పించుకున్నాడు. ఆమెకు డిగ్రీ వచ్చింది. అచ్చయిన వ్యాసాలు అచ్చయినట్టే ఉన్నాయి. హాలు మరమ్మతులని చెప్పి చర్చలు ఆపేశారు. మరమ్మతులు మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఆచార్యులవారు నన్నేమీ అనలేదు. తను రిటైరయ్యేదాకా నాకు కాగితాలు వేరేవాళ్ల చేత పంపారు. ఎప్పుడు దెబ్బకొడతారా అని ప్రతి ఉదయం భయపడుతూనే ఆఫీసుకు వెళ్లాను.

ఆ సభ అయిన మర్నాడు ఆదివారం. చర్చి అవగానే బస్సెక్కి అటెండరు వాళ్లింటికి, కాప్రాకు వెళ్లాను. అప్పట్లో కాప్రా అంటే ఊరి చివరే. నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు. అతని భార్య టీ ఇచ్చింది. బదిలీ సంగతి ఎత్తితే, "గోడౌనే మంచిగున్నది మేడమ్. మైకు లేదు" అన్నాడు. క్షమించమని అడిగాను. తలూపాడు. ఊరుకుంటే బాగుండేది. నాకు ఊరుకోవడం చేతకాదు కదా.

"సారుకి భయపడి చీటీలు మార్చి రాస్తున్నావని ఆ రోజే గట్టిగా చెప్పి ఉంటే, నేను తాళం వేసేదాన్నా?"

అతను టీ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. కోపం లేదు. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టుంది.

"సారుకెందుకు భయపడ్త మేడమ్? సారుకు ఎవ్వల రాతా పోల్వరాదు. గంత పెద్ద బిల్డింగుల ఎవ్వల రాత ఏదో ఎర్కున్నది మీ ఒక్కలకే. గా నర్సమ్మ చీటీ సంగతి మీరు అన్నం తినుకుంట చెప్తుంటిరి, నేను నీళ్లు పోస్తుంటి. నాలుగొద్దులకే ఆమెను ఆస్పత్రోళ్లు డ్యూటీ నుంచి తీసిన్రంట. గప్పటి సంది రాస్తున్న."

ఆ పొద్దున కూడా ఆ నర్సు చర్చిలో నాకు రెండు బెంచీల ముందే కూర్చుని ఉంది. నాతో మాట్లాడడం ఎందుకు మానేసిందా అని, ఇన్ని నెలలుగా నేను ఆమెనే అనుమానిస్తున్నాను.